మైకు పిన్ని అమ్మిన గది

ఆమెను అందరూ మైకు పిన్ని అనేవారు. పెళ్ళయిన కొత్తలో బట్టల మిల్లులో చేరి, తల నెరిసేదాకా మగ్గాల రొదలోనే పనిచేసింది. పక్కనున్న మనిషికి వినిపించాలన్నా గొంతు చించుకోవాల్సిన చోటది. మిల్లు మూతపడినా ఆ గొంతు మాత్రం కిందికి దిగలేదు. ఆమె ఒకరి చెవిలో చెప్పిన రహస్యం పక్క వీధిదాకా పోయేది.

మిల్లును చాలా ఏళ్ళు పావురాలకు వదిలేశారు. తర్వాత ఒక కంపెనీ దాన్ని కొని, ఎర్ర ఇటుక గోడలూ ఇనుప దూలాలూ కమాను కిటికీలూ అలాగే ఉంచి, లోపల ఎత్తైన కప్పుల ఫ్లాట్లు కట్టింది. వాటిని అమ్మిపెట్టేది పిన్ని అల్లుడే. పాత గోడల మీద మోజుతో వచ్చేవాళ్ళు చరిత్ర అడిగితే అతనికి నోరు పెగిలేది కాదు. అందుకని అత్తగారిని బతిమాలి తెచ్చుకున్నాడు. లేనిపోనివి మాత్రం చెప్పొద్దని షరతు పెట్టాడు.

పిన్నికి అబద్ధంతో పనేముంది? నిజాన్నే అటు తిప్పి ఇటు తిప్పి చూపించేది. దూది దుమ్ముతో ఊపిరాడని హాల్లో ఏడాది పొడవునా మంచు కురిసినట్టుండేదని మురిపెంగా చెబుతుంటే, అల్లుడు వచ్చినవాళ్ళను గబగబా పక్క గదికి నడిపించేవాడు.

ఒకరోజు రిటైరైన జడ్జిగారు భార్యతో కలిసి వచ్చారు. మూలమీది ఫ్లాటులో, కిటికీల వెలుగు నిండుగా పడుతున్న గది మధ్య నిలబడి, ఇక్కడేముండేదని అడిగారు. అల్లుడి ముఖం పాలిపోయింది. అది మిల్లులో ఆడవాళ్ళ మరుగుదొడ్డి.

“మనశ్శాంతి దొరికే చోటండీ,” అంది పిన్ని. “ఎంత బరువుతో వచ్చినవాళ్ళయినా తేలికపడి వెళ్ళేవాళ్ళు. మేనేజరుక్కూడా లోపల అడుగుపెట్టే ధైర్యం ఉండేది కాదు.”

జడ్జిగారు కళ్ళు మూసుకుని ఊపిరి నిండా పీల్చారు. అల్లుడు బిగబట్టాడు. బేరం కుదిరిపోయింది.

కాపురానికి వచ్చాక జడ్జిగారు దాన్ని చదువుకునే గది చేసుకుని, గుమ్మం మీద ‘ప్రశాంతి’ అని ఇత్తడి అక్షరాలు బిగించారు. అక్కడితో ఆగినా బాగుండేది. మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళందరినీ ఓ సాయంత్రం టీకి పిలిచారు. అల్లుడికి జ్వరం వచ్చినంత పనయింది. పిన్ని స్నేహితురాలు పొట్టి వదిన గుమ్మం దాటి, నాలుగు వైపులా చూసి, ముక్కున వేలేసుకుంది.

“ఇది మన దొడ్డి కదే! ఆ పుస్తకాల బీరువా ఉన్నచోటేగా గడియ పడని తలుపు?”

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“నాతో అబద్ధం చెప్పారా అమ్మా?”

“అందులో ఏ మాట అబద్ధమో మీరే చెప్పండి.”

ఆయన ఆ రోజు విన్న మాటలు ఒక్కొక్కటే నెమరు వేసుకున్నారు. పెదవులు వణికాయి. కోపమనుకుని అల్లుడు తలుపు వైపు జరిగాడు. కానీ జడ్జిగారు పొట్ట పట్టుకుని నవ్వేశారు.

ఆయన భార్య మాత్రం నవ్వలేదు. మనశ్శాంతి అన్నారే, అదెలాగని అడిగింది. అప్పుడు మైకు పిన్ని గొంతు తగ్గింది. మిల్లు మొత్తానికి, పని చేయించే మేస్త్రీ రాలేని చోటు అదొక్కటేనట. పసిపిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చిన తల్లులు, రవికలు తడిసిపోతుంటే, అక్కడే గోడవైపు తిరిగి పాలు పిండేసుకునేవారట. ఒకరు ఏడుస్తుంటే ఇంకొకరు గుమ్మం దగ్గర కాపలా ఉండేవారట. పిల్లలకో గది కట్టించేదాకా మగ్గం ముట్టకూడదని అందరూ ఒట్టు పెట్టుకున్నదీ అక్కడేనట. చివరికి మేనేజరే దిగివచ్చి కట్టించాడు.

“మీ ఆవిడ ఆ పిల్లల గదిలోనే నడక నేర్చింది,” అంది పిన్ని అల్లుడితో. అతను తలుపు దగ్గర్నుంచి వచ్చి అత్తగారి పక్కన కూర్చున్నాడు.

ఆ తర్వాత ఫ్లాట్లు చూపించడానికి ఆమెను మళ్ళీ పిలవలేదనుకోండి. ఆమెకూ తీరిక లేదు. జడ్జిగారి భార్య కబురు పెడితే ఆడవాళ్ళంతా మధ్యాహ్నాలు ఆ గదిలోనే చేరుతున్నారు. జడ్జిగారు పుస్తకం చంకన పెట్టుకుని డాబా మీదికి పోతున్నారు. అక్కడ ఎండగా ఉందని మొరపెట్టుకుంటే, గొడుగు పట్టుకెళ్ళమంది భార్య.