రాకడమ్మ ఇంటి మధ్య తలుపు

మా సందులో బట్టలు కుట్టే ఆవిడను ఎవరూ పేరు పెట్టి పిలవరు. రాకడమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనుకునేవాళ్లు, పోనుపోను ముఖం మీదే అనేశారు. ఆవిడకు కోపం రాలేదు సరికదా, మురిసిపోయింది. ప్రభువు రెండో రాకడ మాట ఎత్తకుండా ఆవిడ సూదిలోకి దారం కూడా ఎక్కించదు. గుడ్డ ఇచ్చి, ఎప్పుడు రమ్మంటావని అడిగితే, "ప్రభువు ఆలస్యం చేస్తే శుక్రవారం రా" అంటుంది.

ఒకసారి మా కోడలు నోరు ఊరుకోక, "మరి ఈలోపే వచ్చేస్తే నా గుడ్డ సంగతేంటి పిన్నీ?" అంది.

"నువ్వు సిద్ధంగా ఉంటే నీకు గుడ్డతో పనుండదు. లేదంటావా, వచ్చి మిషను మీంచి తీసుకుపో. తాళం వెయ్యను."

వేళాకోళం కాదది. వీధి తలుపుకు పగలు ఆవిడ నిజంగానే గడియ పెట్టదు. బూర మోగి, ప్రభువు తనవాళ్లను ఉన్నపళంగా పైకి ఎత్తుకుపోయే ఘడియ వస్తే తలుపు తీసుకుంటూ కూర్చోకూడదని ఆవిడ లెక్క. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు ఎప్పుడూ ఒక జత కొక్కేనికి వేలాడుతుంటాయి. ప్రార్థన చేసుకోకుండా పక్క ఎక్కదు. నవ్వేవాళ్లు నవ్వుతారు గానీ, అంత నిష్ఠ మా సంఘంలో ఇంకెవరికీ లేదు. నాకైతే అసలే లేదు.

ఆ ఇంట్లో గడియ పడ్డ తలుపు ఒక్కటే. మధ్య తలుపు.

ఒకే ఇల్లు, రెండు వాటాలు. ఇటు వాటాలో రాకడమ్మ, అటు వాటాలో ఆవిడ సొంత చెల్లెలు. ఇద్దరూ మొగుళ్లు పోయినవాళ్లే. చెల్లెలు ఆసుపత్రిలో ఆయా. ఆదివారాలు ఎక్కువగా ఆమెకే డ్యూటీ వేస్తారు, అందుకని ఆరాధనకు రావడం తక్కువ. అదే అక్కకు కంట్లో నలుసైంది. ఒకరోజు ఆడవాళ్ల కూటంలో పదిమంది కన్యకల ఉపమానం చదువుకుంటున్నాం. పెళ్లికొడుకు కోసం దీపాలు పట్టుకుని ఎదురుచూసినవాళ్లలో అయిదుగురి దగ్గర నూనె నిండుకుంటుంది. మిగతావాళ్లను అడిగితే, మీకూ మాకూ చాలదు పొమ్మంటారు. కొనుక్కొచ్చేసరికి తలుపు మూసేస్తారు. చదవడం అయిందో లేదో, రాకడమ్మ అందరి ముందూ చెల్లెలి వైపు వేలు చూపించి, "ఇదిగో, నూనె లేనిది! తలుపు బయట నిలబడి ఏడ్చేది ఇదే" అనేసింది.

చెల్లెలు లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే రాకడమ్మ మధ్య తలుపుకు తన వైపు నుంచి గడియ పెట్టి, కుట్టుమిషను దానికి అడ్డంగా జరిపింది. అప్పట్నించీ ఏళ్ల తరబడి గోడకు అటూ ఇటూ ఉంటూనే ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నేను చేరి ఎన్నిసార్లు కదిపినా, "ముందు దాన్ని సిద్ధపడమను వదినా" అని ఆవిడ, "నాకు డ్యూటీ టైమైంది వదినా" అని ఈమె. ఇద్దరికీ వదినను నేనే గానీ, ఒక్కతీ నా మాట వినలేదు.

ఇక ఆ రోజు సంగతి. మధ్యాహ్నం, నేను పొయ్యి మీద కూర పెట్టుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఉన్నట్టుండి హారన్ మోగింది. ఒకటే మోత. ఆగదు, తగ్గదు, ఊపిరి తీసుకోదు. చెవులు గళ్లు పడిపోయాయి. ఎవరింట్లో గిన్నె పడ్డా ఏ గిన్నో చూసి రాకపోతే తోచదు నాకు, ఇంతటి మోత వింటే ఊరుకుంటానా? కత్తిపీట అక్కడే వదిలి పరుగు. సందు సందంతా పరుగే. పాస్టరుగారైతే చెప్పులు కూడా మరిచి ఉత్త కాళ్లతో వచ్చేశారు.

సందు మలుపు అవతల, కట్టెల అడితి పక్కన లారీ ఒకటి గోడకు ఆనుకుని ఉంది. డ్రైవరు స్టీరింగు మీద బోర్లా పడి ఉన్నాడు. అతని ఛాతీ బరువుకే ఆ హారన్ మోగుతోంది. మేమంతా నోళ్లు తెరుచుకుని చూస్తుంటే జనాన్ని తోసుకుంటూ ఒకతె వచ్చింది. తడి జుట్టు, చెవి దగ్గర సబ్బు నురగ, ఒంటి మీద నైటీ, కాళ్లకు చెప్పుల్లేవు. చూద్దును కదా, చెల్లెలు! "దించండి! చూస్తారేంటి, దించండి!" అని కేకేసింది. అతన్ని కిందికి దించాక హారన్ ఆగింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని అతని గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కుతూనే ఉంది. చివరికి అతను ఎగబీల్చి ఊపిరి తీసుకున్నాడు. ఆటోలో పడుకోబెట్టి పంపిస్తుంటే జనమంతా దాని వెంట పెద్దరోడ్డు దాకా నడిచారు. నాకు మాత్రం అప్పుడు కూర గుర్తొచ్చి వెనక్కి తిరిగాను.

సందులో నరపురుగు లేదు. కుళాయి కింద బకెట్టు పొర్లిపోతోంది. ఎవరింట్లోనో రేడియో తనలో తను మాట్లాడుకుంటోంది. చెల్లెలి వాటా తలుపు బార్లా తీసి ఉంది. చూడకుండా దాటిపోవడం నావల్ల అవుతుందా? తొంగి చూశాను.

గది మధ్య నేల మీద రాకడమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో చెల్లెలి నీలం యూనిఫాం. ముందు ఆమె బూట్లు, పక్కన కళ్లజోడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నన్ను చూసి ఉలికిపడలేదు కూడా.

"నువ్వున్నావా వదినా?" అంది. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వుంటావులే" అంది.

ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది గానీ, అప్పుడు దెబ్బలాడే వేళ కాదు.

"ఏమైందమ్మా?"

"అయిపోయింది. బూర మోగింది. నేను మోకాళ్లూని, చేతులెత్తి, కళ్లు మూసుకున్నాను. ఇప్పుడు లేపుతాడు, ఇప్పుడు లేపుతాడని. మోత ఆగింది. కళ్లు తెరిస్తే మిషను ఎదురుగా అక్కడే ఉన్నాను. బయటికొస్తే ఎవరూ లేరు. పాస్టరుగారి చెప్పులు ఆయన గుమ్మం ముందే ఉన్నాయి, ఆయన లేరు. ఇక్కడికొస్తే..." ఆవిడ యూనిఫాం పైకెత్తి చూపించింది. "దీన్ని ఒంటి మీది బట్టలు జారిపోయినట్టే తీసుకుపోయాడు వదినా. దాన్ని తీసుకుపోయి నన్ను వదిలేశాడు."

చెల్లెలు డ్యూటీ నుంచి రాగానే రోగుల దగ్గరి బట్టలు ఇంట్లోకి తేకూడదని తలుపు వెనకే విప్పి కుప్పగా పడేసి, నేరుగా స్నానానికి పోతుంది. రోజూ చూస్తున్నాను కాబట్టి నాకు తెలుసు. ఒక్క గోడ అవతల ఉండే అక్కకు తెలియదు. ఆ గుమ్మం తొక్కి ఎన్నేళ్లయిందని తెలుస్తుంది!

కానీ నన్ను నిలువునా కొట్టింది అది కాదు. నూనె లేనిదని అందరి ముందూ వేలు చూపించిన మనిషి, చెల్లెలి బట్టలు నేల మీద చూడగానే అది బజారుకు పోయిందనుకోలేదు, బావి దగ్గరుందనుకోలేదు. పరలోకానికి పోయిందనుకుంది. ఒక్క క్షణం అనుమానపడలేదు.

"అది కాదమ్మా, లారీ..." అని నేను మొదలుపెట్టానో లేదో, గుమ్మంలో నీడ పడింది. చెల్లెలు. మోకాళ్లకు మట్టి, జుట్టు ఎండి అట్టకట్టుకుపోయి ఉంది.

రాకడమ్మ కెవ్వున అరిచింది. అంత అరుపు నేను ఈ జన్మలో వినలేదు. చెల్లెలు అదిరిపోయి రెండడుగులు వెనక్కేసింది. తర్వాత ఒళ్లో ఉన్నది చూసి, ఇన్నేళ్ల తర్వాత మొదటిమాట అంది.

"ఛీ, అక్కా! ఆసుపత్రి బట్టలవి! కింద పెట్టు, క్రిములుంటాయి!"

అక్క కింద పెట్టలేదు. మోకాళ్ల మీదే పాకుతూ వెళ్లి చెల్లెలి పాదం పట్టుకుని చూసింది. మట్టి. గిల్లి చూసింది.

"అబ్బా! పిచ్చి గానీ పట్టిందా నీకు?"

"ఇక్కడే ఉన్నావా? పోలేదా?"

"ఎక్కడికి పోతాను? ఇంకో డ్యూటీ ఉంది నాకు."

అంతా నేనే చెప్పాల్సి వచ్చింది. లారీ, డ్రైవరు, గుండె నొక్కడం. వింటున్నకొద్దీ రాకడమ్మ తల దిగిపోతూ వచ్చింది. చివరికి, "నిజంగా ఇవాళే ప్రభువు వచ్చి ఉంటే, అది ఆయనకు మోకాళ్ల మీద ఒక ప్రాణం పట్టుకుని కనబడేది. నేను ఆ గడియ వెనకాల కనబడేదాన్ని" అంది. లేచి తన వాటాలోకి వెళ్లింది.

మిషను జరిపిన చప్పుడు గోడ ఇవతలికి వినిపించింది. తర్వాత గడియ లాగుతున్న చప్పుడు. తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఒకటే కొట్టుడు, మధ్యలో ఏడుపు. చెల్లెలు ఇటు వైపు తలుపుకు చెవి ఆనించి నిలబడింది. కళ్లలో నీళ్లు, పెదవి మీద కొంటెతనం.

"అక్కా, నూనె ఉందా నీ దగ్గర?"

అటు కొట్టుడు ఆగింది.

"మిషను నూనె ఉందే," అంది అటునుంచి గొంతు. "నీకూ నాకూ చాలేంత ఉంది."

గడియ కిర్రుమని జారింది. తలుపు తెరుచుకుంది. అక్క చూసింది మొదట చెల్లెల్ని కాదు, నేలను. ఆ ఇరుకు గదిలో మంచం, బీరువా, బిందెలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి గానీ, తలుపు ముందు మాత్రం చాపంత చోటు ఖాళీగా, ఊడ్చి ఉంది. ఈ వైపు నుంచి దానికి ఎప్పుడూ ఏదీ అడ్డం పెట్టలేదు.

రాకడమ్మ గడప మీద కాలు పెట్టబోయింది. చెల్లెలు చెయ్యి అడ్డం పెట్టింది. మళ్లీ ఏం ముంచుకొచ్చిందోనని నేను ఒకడుగు ముందుకేశాను.

"చేతులు కడుక్కున్నావా?" అంది.