మర్యాదకు ఏరిన చేపలు

మొన్న ఆదివారం ఫిల్మ్‌నగర్‌లో మా వీధి చివర చేపల దుకాణం ముందు నిలబడ్డాను. కరుగుతున్న ఐసు, పచ్చి చేపల వాసన. దుకాణం అతను ఒక బొచ్చె చేప మొప్ప ఎత్తి చూపిస్తూ, "మీ కోసం మంచియి ఏరి పెట్టిన మేడం" అన్నాడు. ఆ మాటకు సులోచన మేడమ్ గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

చేపల జబ్బుల పరిశోధనలో ఆవిడ నా మొదటి అధికారి. భీమవరం వైపు మనిషి, శ్రీనగర్ కాలనీలో ఉండేవారు. మెచ్చుకోవడంలో మహా పిసినారి. ఊరి బయట ఒక పెద్ద చెరువులో చేపలకు పుండ్లు పడుతున్నాయని తెలిసి నెలనెలా వెళ్లి చూసేవాళ్లం. పెంపకపు చేపలైతే లెక్క తెలుస్తుంది. చెరువులో వాటంతట అవి తిరిగేవాటిలో జబ్బుపడ్డది అడుక్కి పోతుంది, లేదా కొంగ నోట్లో పడుతుంది. వలకు చిక్కినవాటిని బట్టే మిగతాదంతా ఊహించాలి. మేం వెళ్లేసరికి ఎల్లయ్య అనే జాలరి మాకోసం బుట్ట సిద్ధంగా ఉంచేవాడు. రానురాను అందులో పుండ్లున్నవి తగ్గిపోయాయి. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. జబ్బు తగ్గిందని రాసిస్తే సర్వే ఆపేద్దామన్నారు పైవాళ్లు. ఆపేస్తే ఆ చెరువు మీద బతికే కుటుంబాల గోడు పట్టించుకునే దిక్కుండదు.

మేడమ్ మాత్రం మొహం చిట్లించారు. "మరీ ఇంత శుభ్రమైన చేపలేంటమ్మాయ్? ఈసారి వల లాగకముందే వెళ్దాం పద."

తెల్లారేసరికి గట్టు మీదున్నాం. ఎల్లయ్య పుండ్లున్న చేపల్ని పక్కకు విసిరేసి, నిగనిగలాడేవి మా బుట్టలో వేస్తున్నాడు. ఎందుకని అడిగితే నొచ్చుకున్నాడు. "గింత దూరం మాకోసం వస్తరు. ఖరాబైనయి మీ చేతిల ఎట్ల పెడ్తం మేడం?"

పాపం, మర్యాద చేశాడు. ఆ మర్యాదే జబ్బును మా కళ్లబడకుండా దాచేసింది.

తర్వాతి మీటింగులో మేడమ్ లేచి, "జబ్బు తగ్గిందో పెరిగిందో మాకు తెలియదండీ" అన్నారు. ఇన్నాళ్లూ తిరిగి చెప్పేది ఇదా అని పైవాళ్లలో పెద్దాయన విసుక్కున్నాడు. ఆవిడ తొణకలేదు. "సినిమా చివరిదాకా చూసినవాళ్లను అడిగితే బాగుందనే అంటారు. సగంలో లేచిపోయినవాళ్లనీ అడగాలి కదండీ. ఇంకో ఏడాది ఇవ్వండి, వల దగ్గరే నిలబడి చూస్తాం."

జూబ్లీహిల్స్‌లో సినిమావాళ్ల మధ్య కాపురముండే పెద్దాయనకు ఆ పోలిక వెంటనే ఎక్కింది. సర్వే ఆగలేదు. ఆ రోజు ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నందుకు నాకు ఇప్పటికీ గర్వమే. తెలియదన్న మాటను అంత తలెత్తుకుని చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆవిడ కుర్చీలో నేనున్నాను. కొత్తగా చేరినవాళ్లు జబ్బు తగ్గిందంటూ వెలిగే మొహాలతో వస్తే ముందు కూర్చోబెట్టి టీ ఇప్పిస్తాను. ఆ తర్వాత, ఆవిడ గొంతుతోనే, ఒక్కటే అడుగుతాను: "ఏరకముందు చూశారా?"