పుచ్చిన పన్నుకు కొసరు

మహబూబాబాద్‌లో మాది కిరాణా దుకాణం. కొనబోయే సరుకును ముందు తిట్టాలి, ఆ తర్వాతే ధర అడగాలి అన్నది మా ఇంట్లో అక్షరాలకన్నా ముందు నేర్పిన పాఠం. చదువు నన్ను ప్రయోగశాలకు చేర్చింది గానీ, ఆ పాఠం నాలుక మీదే ఉండిపోయింది.

మేం తయారుచేస్తున్నది పళ్లలో నింపే రెసిన్, అంటే పుచ్చు తీసేసిన గుంతలో పెట్టి గట్టిపరిచే తెల్లటి ముద్ద. దాని అంచున పాచి పేరుకుంటే కింద మళ్లీ పుచ్చుతుంది. అందుకని పాచిలోని సూక్ష్మజీవులను చంపే మందును ఆ ముద్దలోనే కలుపుతున్నాం. పరీక్షించడానికి పీకేసిన పళ్లు కావాలి. జనగామలో నాకు తెలిసిన డాక్టరమ్మ, రోగులను అడిగి కొన్ని ఇప్పించింది. నింపిన చోటే మళ్లీ పుచ్చిన పన్ను మాత్రం దొరకలేదు. ఆమెతో చదివిన డాక్టర్ ఒకాయన భూపాలపల్లిలో అలాంటి దవడపన్ను ఒకటి పీకుతున్నాడని తెలిసి జనగామలోనే బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి పన్ను ఒక అవ్వ పిడికిట్లో ఉంది. బుగ్గలో దూది. నేనెవరో, ఎక్కణ్ణుంచి వస్తున్నానో డాక్టర్ ముందే చెప్పాడు. మాట్లాడొద్దని కూడా చెప్పాడట, అది ఆమె అప్పటికే మరిచిపోయింది.

అలవాటు కొద్దీ సరుకును తిట్టాను. పుచ్చిపోయిన పన్ను, ఎందుకూ పనికిరాదు, ఇస్తే మేమే పారేస్తాం అన్నాను.

"పనికిరాని పన్ను కోసం జనగామ నుంచి బస్సెక్కి వచ్చినవా బిడ్డా?"

డాక్టర్ గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. ఇక నిజం చెప్పక తప్పలేదు. పాచి గురించి మొదలుపెట్టగానే, పొద్దుగాల వేపపుల్లతో తోముకుంటే పోయేదానికి ఇంత చదువెందుకని అడిగింది. పాచి అంటే ఆమెకు నిద్ర లేచిన మొహం. నీళ్ల తొట్టి గోడకు పట్టే జిగురు లాంటిదని, పుల్ల అందని సందులో దాక్కుంటుందని చెప్పాక బేరానికి దిగింది.

"గట్లయితే నా పక్క పన్నుకు గా మందుముద్ద పెట్టు. గప్పుడు ఇస్త."

ఆ పక్క పన్నూ పుచ్చడం మొదలైందట. అదీ పోతే మక్కగారెలు నమలడానికి ఆ దవడలో ఏమీ మిగలదు. దుకాణంలో లేని సరుకు అడిగితే 'రేపొస్తది' అనడం మా వంశాచారం. ఆ మాట పెదవి దాకా వచ్చింది. మింగాను.

"అవ్వా, గది ఇంకా నోట్లో పెట్టే సరుకు కాలే. ఎప్పుడైతదో నాకూ తెల్వది."

పిడికిలి ఇంకాస్త బిగిసింది. అప్పుడు డాక్టర్, తన దగ్గరున్న మామూలు ముద్దతో పక్క పన్ను ఇప్పుడే నింపుతానన్నాడు. అవ్వ ఒప్పుకుంది గానీ కొసరు అడిగింది. ఆ గిర్రుమనే మిషన్ ఆగేదాకా నేను ఆమె చేయి పట్టుకుని నిలబడాలట.

ఎవరికీ కొసరు వేయని ఇంట్లో పుట్టి, ఆ రోజు ఐదు వేళ్లూ కొసరుగా ఇచ్చాను. జనగామ బస్సు వెళ్లిపోయింది. పన్ను సీసాలో వేసి మూత బిగించబోతే, అవ్వ అంతసేపూ నలిపిన వేళ్లు మాట వినలేదు. డాక్టరే బిగించి ఇచ్చాడు.