వెనక సీట్లో అక్కయ్య

గేటుకి ఇరవై నాలుగ్గంటలూ తాళం ఉంటుందని మేనేజరమ్మ చెబుతూ ఉండగా, డ్రైవింగ్ మాస్టారి కుడికాలు బల్ల కింద ఆవిడ పాదం మీద బలంగా పడింది. పడిన వెంటనే తీసెయ్యకుండా, బండి పూర్తిగా ఆగిందో లేదో చూసుకుంటున్నవాడిలా మరో రెండు క్షణాలు అదిమి పట్టి, అప్పుడు తీశాడు. మేనేజరమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. బంధువులు ఏయే వేళల్లో రావచ్చో చెప్పడం ముగించి, ఆ తరవాతే కాలు వెనక్కి లాక్కుంది. మాస్టారు క్షమించమన్నాడు. పక్కన కూర్చున్న ఆయన భార్య, ఎప్పట్నుంచో ఉన్న జబ్బు పేరు డాక్టరుకి చెప్పినట్టు, "ఆయన డ్రైవింగ్ నేర్పుతారండీ" అంది.

"పర్లేదమ్మా, ఇంతకన్నా గట్టిగా తొక్కేవాళ్ళు మా దగ్గర నలుగురున్నారు" అంది మేనేజరమ్మ.

అది మతిమరుపు జబ్బు ముదిరిన పెద్దవాళ్ళని కనిపెట్టుకుని ఉండే ఇల్లు. మాస్టారు వచ్చింది తన అక్కయ్య కోసం. చేర్పించడానికి కాదు, ఊరికే చూసి వెళ్ళడానికి. ఆ మాట ఇంట్లో రెండుసార్లు, దారిలో ఒకసారి భార్యతో అన్నాడు. ఆవిడ మూడుసార్లూ సరేనంది.

మాస్టారు పుట్టు భయస్తుడు. ఆ సంగతి ఆయనే దాచుకోడు. భయస్తుడికి అంతకన్నా తగిన ఉద్యోగం లోకంలో లేదు, భయపడినందుకే జీతం ఇస్తారు. ఇరవై ఆరేళ్ళుగా ఎదటివాళ్ళ చేతికి స్టీరింగు అప్పగించి, పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, వాళ్ళు చెయ్యబోయే తప్పుని వాళ్ళకన్నా అర క్షణం ముందు ఊహించడమే ఆయన పని. ఆ కాలికి సెలవు లేదు. మంగలి కత్తి చెవి దగ్గరకొస్తే నేలని తొక్కుతుంది. లిఫ్టు కిందకి దిగుతుంటే తొక్కుతుంది. నేర్చుకునేవాళ్ళు ఆయనకి బ్రేకయ్య అని పేరు పెట్టారు. ఆ పేరు తెలియనట్టు ఉండటం ఆయన పద్ధతి.

అక్కయ్య ఆయనకన్నా పదకొండేళ్ళు పెద్ద. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. ముప్ఫై ఒక్కేళ్ళు సోడా ఫ్యాక్టరీలో సీసాలు చూసింది. తెల్లటి దీపం పలక ముందు స్టూలు మీద కూర్చుంటే, సీసాలు వరసగా నడిచి వెళుతుంటాయి. పగులున్నది, నలక పడినది, చీమ చచ్చినది కంటపడగానే మెడ పట్టి పక్కన పెట్టెయ్యాలి. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, వచ్చిన సంబంధాలన్నిటినీ దీపం ముందు పెట్టి చూశాను, అన్నిట్లోనూ నలక ఉంది అనేది.

మూడేళ్ళ కిందట మొదలైంది. తడి బట్టలు ఫ్రిజ్‌లో పెట్టిన రోజు ముగ్గురూ కలిసి నవ్వుకున్నారు. మంట లేకుండా గ్యాసు తిప్పి వదిలేసిన రోజు ఎవరూ నవ్వలేదు. ఆ తరవాత ఒకనాడు స్నానాల గదిలోకి వెళ్ళి గడియ వేసుకుని, తీయడం ఎలాగో మర్చిపోయింది. తమ్ముడు బయటనుంచి పైకి జరపమంటాడు, పక్కకి లాగమంటాడు. లోపలినుంచి ఏ చప్పుడూ లేదు. గంటన్నర తరవాత వడ్రంగి తలుపు ఊడదీస్తే, ఆవిడ బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుని, ఎవరో వస్తారని ఎదురుచూస్తోంది.

మర్నాడు మాస్టారు స్క్రూడ్రైవరు పట్టుకుని ఇంట్లో ఉన్న ప్రతి గడియా ఊడదీశాడు. తమ పడగ్గదిది కూడా వదల్లేదు. భార్య హాస్పిటల్ ల్యాబులో పని ముగించుకుని వచ్చేసరికి, గడియలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. చుట్టాలొస్తే ఏం చెయ్యాలని ఆవిడ అడిగింది. దగ్గమందాం అన్నాడు.

అప్పటినుంచి అక్కయ్య ఎటు వెళితే అటు తమ్ముడు. ఆవిడ వంటింట్లోకి వెళితే ఆయన వంటింటి గుమ్మంలో. ఆవిడ స్నానానికి వెళితే ఆయన తలుపవతల నిలబడి, తను అక్కడే ఉన్నానని తెలియడానికి దగ్గుతూ ఉండేవాడు. ఆవిడ నిద్రలో కదిలితే ఆయన లేచి కూర్చునేవాడు. ఒక మనిషిని సాయానికి పెట్టుకుంటే తొమ్మిది రోజులుండి మానేసింది. రెండో మనిషి మొదటిరోజు భోజనానికి ముందే వెళ్ళిపోయింది. భార్య ఉద్యోగం పగటిపూట, తన ఉద్యోగమూ పగటిపూటే. చివరికి మాస్టారు అక్కయ్యని బండి వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, లోపల్నుంచి తెరుచుకోకుండా తలుపు మీట నొక్కి, పనిలోకి తీసుకుపోవడం మొదలుపెట్టాడు.

అద్దంలోంచి వీధి నడిచి వెళుతుంటే, అక్కయ్యకి పాత ఉద్యోగం తిరిగి దొరికినట్టయింది. "కుక్క" అనేది. "సైకిలు" అనేది. "ముసలాయన" అనేది. మొదటి పదిరోజులూ ఆవిడ అన్న ప్రతిసారీ మాస్టారు రెండో బ్రేకు తొక్కాడు. సగంసార్లు అక్కడ కుక్కా లేదు, సైకిలూ లేదు. నేర్చుకునేవాళ్ళు మెడలు పట్టుకుని దిగేవారు. పదకొండో రోజునుంచి ఆయన, "ఆఁ ఆఁ, చూశాం అక్కయ్యా" అనడం అలవాటు చేసుకున్నాడు. నేర్చుకునేవాళ్ళూ ఆ మాటే అందుకున్నారు.

లైబ్రరీ మేడమ్‌కి వెనక్కి నడపడం నేర్పిన రోజు అది జరిగింది. ఆవిడ లైబ్రేరియన్. బండి హారను కూడా ఎవరి చదువో చెడగొట్టినట్టు మెల్లగా నొక్కుతుంది. గోదాముల వెనక ఖాళీ స్థలంలో బండి వెనక్కి పోతోంది.

"మనిషి" అంది అక్కయ్య.

"చూశాం అక్కయ్యా" అన్నాడు మాస్టారు.

"మనిషి. కింద."

ఆ రెండో మాటకి కూడా ఆయన కాలు కదల్లేదు. కదిలింది అద్దంలో చీపురు కర్ర కనబడ్డాక. పట్టుకున్న చెయ్యి కనబడకుండా, దానంతటదే నిలబడినట్టు ఒక్క కర్ర. అప్పుడు తొక్కాడు. బండి ఆగింది. బండి వెనక వంగి ఏదో ఏరుకుంటున్న ఊడ్చే ఆవిడ లేచి నిలబడింది. బంపరుకీ ఆవిడ నడుముకీ మధ్య బెత్తెడు. ఆవిడకి ఏమీ తెలియదు. చెయ్యి దులుపుకుని, చీపురు పట్టుకుని, అవతలకి వెళ్ళి ఊడుస్తోంది.

"ఇప్పుడు గేరు మార్చాలా మాస్టారూ?" అని మేడమ్ మెల్లగా అడిగింది.

"చెప్పాను కదరా" అంది అక్కయ్య వెనకనుంచి. అందులో కోపం లేదు.

మాస్టారు ఆ రోజు మిగతా క్లాసులన్నీ మానేశాడు. ఊడ్చే ఆవిడ ఏరుకున్నదేమిటో తెలియలేదు కానీ, అది ఒక్క అడుగు ఇవతల పడి ఉంటే ఏమయ్యేదన్న లెక్క మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇంట్లో ఉంచితే అక్కయ్యకి ప్రమాదం. బండిలో కూర్చోబెడితే ఊరికి ప్రమాదం. ఇంకెక్కడైనా వదిలితే, తనని పెంచిన మనిషి ఒక కొత్త గదిలో నిలబడి, తన పేరు పిలుస్తూ, ఎవరూ పలక్క బెదిరిపోతుంది. ఆ మూడో బొమ్మ కళ్ళముందుకి రాగానే ఆయన కాలు నేలని తొక్కేది. నేల ఆగే ఉండేది, బొమ్మ ఆగేది కాదు.

రెండు రోజులు దాచి, మూడోనాడు భార్యకి చెప్పాడు. ఆవిడ, "నేను ఉద్యోగం మానేసి వదినగారిని చూసుకుంటానంటే అబద్ధం. చూసుకోలేనంటే పాపం. రెండూ నాచేత అనిపించకండి. ముందు ఆ ఇల్లు చూసొద్దాం" అంది.

అలా వచ్చి, కాలు తొక్కి, గది చూడటానికి లేచారు. గది శుభ్రంగా ఉంది. మంచం, కుర్చీ, వీధివైపు కిటికీ. తలుపుకి లోపల చిన్న గడియ. మాస్టారు దాన్ని చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు. మేనేజరమ్మ బయటికి వెళ్ళి, ఆయన భార్యచేత లోపల గడియ వేయించి, అవతలివైపునుంచి తాళంచెవితో దాన్ని తీసి చూపించింది.

"అంటే వేసుకున్నట్టు నమ్మించడమేగా. మోసం కాదూ?" అన్నాడు మాస్టారు.

"వేసుకున్నామన్న ధైర్యం వాళ్ళకి, తీయగలమన్న ధైర్యం మాకు. మోసపోయింది ఎవరో మీరే చెప్పండి" అంది ఆవిడ. వారం రోజులు ఉంచి చూడమంది. ఆ వారం మాత్రం ఇంటివాళ్ళెవరూ లోపలికి రావద్దనీ, వస్తే కుదురుకోవడం కష్టమనీ చెప్పింది.

సోమవారం దిగబెట్టారు. అక్కడి ఆయా తుడవడానికి గాజు గ్లాసులు తెచ్చి ముందు పెడితే, అక్కయ్య ఒక్కొక్కటీ కిటికీ వెలుగులో పెట్టి చూసి, రెండు పక్కన పెట్టేసింది. తమ్ముడు వెళ్ళొస్తానన్నాడు. ఆవిడ మూడో గ్లాసు చూస్తోంది.

లోపలికి రావద్దన్నారు కానీ, ఆ వీధిలో డ్రైవింగ్ నేర్పవద్దని ఎవరూ అనలేదు. మంగళవారం పొద్దున్నుంచి మాస్టారి దగ్గర నేర్చుకునే ఏడుగురూ ఒకటే దారి నేర్చుకున్నారు. ఆ ఇంటి ముందునుంచి వెళ్ళి ఎడమకి తిరగాలి, మళ్ళీ ఎడమకి, మళ్ళీ ఎడమకి, ఇంకోసారి ఎడమకి తిరిగితే గేటు ముందుకే వస్తారు. అడిగినవాళ్ళకి, ఈ మలుపులు పరీక్షలో చాలా ముఖ్యమని గంభీరంగా చెప్పాడు.

మంగళవారం కిటికీ మూసి ఉంది. అంటే ఒంట్లో బాగాలేదేమో. బుధవారం తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. అంటే ఎక్కడికి తీసుకెళ్ళినట్టు? గురువారం కిటికీకి తెర కట్టారు. తెర ఎందుకు కట్టారో ఆయనకి పదహారు కారణాలు తోచాయి, పదహారూ చెడ్డవే. ఫోను మోగితే గుండె జారేది. మోగకపోతే ఇంకా జారేది. భార్య ఫోను చేసి మేనేజరమ్మని అడిగితే, బాగానే ఉన్నారు, తింటున్నారు అంది. ఆ బాగానేలో ఆయనకి వంద అనుమానాలు కనిపించాయి. ఇంటికి తెచ్చేద్దామని, బయటనుంచి తెరుచుకునేలా ఒక గడియైనా బిగిద్దామని గురువారం సాయంత్రం గడియల డబ్బా దించి, మళ్ళీ పైన పెట్టాడు. తెచ్చి ఏం చేస్తాడు? మళ్ళీ వెనకాల తిరగడమే కదా.

శుక్రవారం లైబ్రరీ మేడమ్ నడుపుతోంది. గేటు ముందుకి రాగానే బండి గట్టిగా ఆగి, ఇంజను కూడా ఆగిపోయింది. తన తప్పే అనుకుని మేడమ్ సారీ చెప్పింది. తొక్కింది మాస్టారు. గేటు పక్క ఇనుప కమ్మీల వెనక అక్కయ్య నిలబడి ఉంది. తల దువ్వి ఉంది, స్వెట్టరు గుండీలు సరిగ్గా పెట్టి ఉన్నాయి. టైరు చూసొస్తానని చెప్పి మాస్టారు దిగాడు.

"టైరు బాగానే ఉందండీ" అంది అక్కయ్య కమ్మీలవతలనుంచి.

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోట ఆయన 'అండీ' వినలేదు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఎవరి కోసమైనా వచ్చారా?"

"మావాళ్ళు ఒకరు ఇక్కడున్నారండీ. ఎలా ఉన్నారోనని భయంగా ఉండి."

"భయమెందుకు? ఇక్కడ గదికి గడియ ఉంది" అంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇదివరకు నేనుండే ఇంట్లో ఒక్క గదికీ లేదు. అక్కడ ఒకాయన ఉండేవాడు. ఎప్పుడూ నా వెనకాలే. స్నానానికి వెళ్ళినా తలుపవతల నిలబడి దగ్గేవాడు. కళ్ళు తెరిస్తే ఎదురుగా కూర్చుని చూస్తుండేవాడు."

మాస్టారు కమ్మీ పట్టుకున్నాడు. "ఏమైనా అనేవాడా?" అన్నాడు.

"పాపం, పల్లెత్తు మాట అనేవాడు కాదు. అనుంటే ఏం కావాలో తెలిసేది కదా. ఎవరో తెలియదు, ఎందుకో తెలియదు. ఎంత భయమేసేదో." కొంచెం ఆగి, కమ్మీల దగ్గరకి వచ్చింది. "ఇక్కడికి రాడు కదండీ?"

ఆ వారమంతా ఆయన భయపడిన భయాల్లో ఇది లేదు. ఆవిడకి ఏదో ఎదురుపడుతుందని రెండేళ్ళు కాపలా కాశాడు. ఎదురుపడింది ఎవరో ఇప్పుడు తెలిసింది. నేను తమ్ముణ్ణి అక్కయ్యా అందామని నోరు తెరిచాడు. అంటే, ఆ వెనకాల తిరిగినవాడు గేటుదాకా వచ్చేసినట్టే.

"రాడండీ. గేటుకి ఎప్పుడూ తాళం ఉంటుంది" అన్నాడు.

అక్కయ్య ఊపిరి వదిలింది. ఆయన్ని పైనుంచి కిందదాకా, వెలుగులో పెట్టి చూసినట్టు చూసింది. "మీరు మాత్రం వస్తూ ఉండండి. ఇలా బయట నిలబడి మాట్లాడేవాళ్ళతో నాకు ఇబ్బంది లేదు" అంది. లోపలినుంచి ఆయా పిలిస్తే, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. కాసేపటికి గది తలుపు మూసిన చప్పుడూ, గడియ పడిన చప్పుడూ కిటికీలోంచి వీధిలోకి వినిపించాయి.

మాస్టారు వచ్చి సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. మేడమ్ ఆయన మొహం చూసి, చేతిరుమాలు తీసి ఇద్దరి మధ్యా పెట్టింది. తరవాత ఇంజను స్టార్ట్ చేసి, లైబ్రరీలో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఏమీ అనుకోకండి మాస్టారూ, వచ్చే వారం నాకు పరీక్ష. నాలుగు రోజులుగా ఎడమకి తప్ప తిప్పనివ్వలేదు మీరు. కుడి ఎప్పుడు నేర్పుతారు?"

"ఇప్పుడే కుడికి తిప్పండి మేడమ్, ఈ వీధికి ఇకమీదట ఆదివారాలు నేనొక్కణ్ణే నడిచొస్తాను" అన్నాడు మాస్టారు.