బాయిలో తగ్గిన దగ్గు

మొదటి షిఫ్టు చేసి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. ముద్ద నోట్లో పెట్టానో లేదో దగ్గు పట్టుకుంది. ఊపిరి అందలేదు. నా భార్య సరోజ నీళ్ల చెంబుతో ఉరికొచ్చి, "ఏందయ్యా, గిట్లైతున్నవు?" అంది.

బొగ్గుబాయిలో పనిచేసేవాడు దగ్గితే గోదావరిఖనిలో ఎవరూ కారణం అడగరు. "బొగ్గు పట్టింది" అంటారు. నేనూ అదే నమ్మాను. ఎక్స్‌రే తీశారు, మందులిచ్చారు, తగ్గలేదు. పొద్దుగూకితే జ్వరం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అన్‌ఫిట్ అంటే బాయి పని పోతుందని ఒకటే ఫికర్.

కరీంనగర్‌లో ఛాతీ డాక్టర్ సీటీ స్కాన్ చూసి, "సెలవు రోజు దగ్గు తగ్గుతదా?" అని అడిగాడు.

"లేదు సార్, ఇంకా ఎక్కువైతది. బాయిల దిగితేనే జర నయం."

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "అయితే ఇది బొగ్గు కాదు. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ లాగుంది, అంటే పీల్చే గాలిలో ఏదో పడక ఊపిరితిత్తులు వాచుడు. ఇంట్ల బూజు ఉన్నదా?"

సరోజకు కోపమొచ్చింది. "వారం వారం దులుపుత సార్!"

"గా బూజు కాదమ్మా. తడి గోడకు పట్టే ఫంగస్."

మా ఇంట్లో అదెక్కడిదని నవ్వుకున్నాను. స్టెరాయిడ్స్ వాడితే తగ్గింది, డోసు తగ్గించగానే మళ్లీ మొదలైంది. అప్పుడు మా బావమరిది వచ్చి, డాక్టర్ చెప్పిన ఫంగస్ వెతుకుదామని నా మంచం పక్కనున్న బీరువా జరిపాడు.

వామ్మో! గోడంతా నల్లటి నూగు. తడిసిన గోనెసంచి వాసన. నేను రోజూ తలపెట్టి పడుకునేది ఆ పక్కనే. బాయిలో పైకప్పు కూలుతుందేమోనని ఇన్నేళ్లు భయపడ్డాను గానీ, మంచం మీద భయపడాలని నాకెవరు చెప్పారు?

గోడ అవతల బాత్రూం పైపు కారుతోంది. బొగ్గు దుమ్ము వస్తుందని మేం కిటికీలు తెరవం. నల్లబడతాయని ఉతికిన బట్టలూ లోపలే ఆరేస్తాం. ఇక తడి ఎక్కడికి పోతుంది?

"దుమ్ము రావద్దనే గదా మూసినం" అని సరోజ ఏడ్చింది.

పైపు బాగుచేయించి, గోడ గీకించి కొత్త ప్లాస్టరింగ్ చేయించేదాకా పెద్దపల్లిలో మా అక్క ఇంట్లో ఉన్నాను. ఇప్పుడు డ్యూటీకి పోతున్నాను. ఊపిరితిత్తుల్లో మచ్చ మాత్రం పోదన్నాడు డాక్టర్. జోరుగా నడిస్తే ఇప్పటికీ ఆయాసమే.

దగ్గు ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ తగ్గుతుందో గమనించి, డాక్టర్ అడగకపోయినా చెప్పండి. నన్ను కాపాడింది ఆ ఒక్క ముచ్చటే.

మా కిటికీ ఇప్పుడు తెరిచే ఉంటుంది. సరోజ రోజూ తుడిచి, నల్లబడ్డ గుడ్డ నాకు చూపిస్తుంది. "గీ నలుపే నయమయ్యా, కండ్లకైనా కనబడ్తది" అంటుంది.