టిష్యూ ప్యాకెట్ అన్న

సింగపూర్ టాంపినీస్‌లో నేనొక గదిలో ఉండే ఫ్లాట్, నేను అన్నా అని పిలిచే ఆయన పేరు మీదే ఉంది. ఎక్కడికెళ్లినా ముందే టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకు సీటు ఆపేవాడు. ఇక్కడ దాన్ని చోప్ చేయడమంటారు. "నీకోసమే తమ్ముడూ" అనేవాడు. ఆ మాటకే నాకు ఊళ్లో ఆస్తి ఉన్నంత ధీమా.

ఒక ఆదివారం, కొత్తగా బాగుచేసిన పాత దొరల బంగళా తోటకి తీసుకెళ్లాడు. ముందు నడిచి ఫౌంటెన్ పక్క బెంచీ మీద ప్యాకెట్ పెడితే, నాకేననుకుని కూర్చోబోయాను.

"అది నీకు కాదు తమ్ముడూ, మా బావమరిదికి. వచ్చే నెల నుంచి నీ గదిలో వాడుంటాడు."

"గది కూడా చోప్ చేసేశావా అన్నా?"

అన్న ఫౌంటెన్ వైపు చూశాడు. దొర ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటికి ఇంత మర్యాద! నన్ను ఖాళీ చేయించడానికి బెంచీ చాలింది.

ప్యాకెట్ తీసి జేబులో వేసుకున్నాను. ఏడవడానికేం కాదు, చెమట పోస్తోంది. బావమరిది వచ్చేసరికి బెంచీ మీద ఎవరో ముసలి దంపతులు హాయిగా కూర్చునున్నారు.