పాటకు పెంచిన జుట్టు

హోసూరు బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో నేను ఒకసారి గుడ్డు దోసె అడిగితే యజమాని ఇవ్వనన్నాడు.

"తప్పు సామీ. మాలలో ఉండి గుడ్డు అడగొచ్చునా?"

"నేను మాల వేసుకోలేదన్నా."

"నల్ల చొక్కా, గడ్డం, జుట్టు. ఇంకేం కావల్ల?" అని నా ఛాతీ మీద ఉన్న బొమ్మకేసి వంగి చూశాడు. కొమ్ములున్న పుర్రె. ఫ్యాబ్రిక్ పెయింటుతో నేనే వేసుకున్నాను. "ఇదెవురు సామీ, యముడా?"

అది శబరిమల సీజను. వీధిలో సగం మంది నల్లబట్టల్లోనే ఉన్నారు కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేను. తొంభైల చివర్లో హోసూరులో హెవీ మెటల్ వినేవాడు ఎలా ఉంటాడో ఆయనకు తెలిసే దారి లేదు. నాకు తెలిసినంతలో ఊరు మొత్తానికి మేం ఇద్దరమే. ఒకడిని నేను. మాది రాయకోట దగ్గర పల్లె. ఇంట్లో టమాటా తోట, మేకలు. కృష్ణగిరిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి హోసూరులో ఒక ఫ్యాక్టరీలో టెస్టింగ్ సెక్షన్లో చేరాను. రెండోవాడు డిప్లొమాలో నా పక్క బెంచీ. వాళ్ళకు బజారు వీధిలో కిరాణా కొట్టుంది. చదువయ్యాక వాళ్ళ నాన్న వాణ్ణి గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టాడు.

కేసెట్లు తెచ్చేది వాడే. సరుకు కోసం బెంగళూరు వెళ్ళినప్పుడు ఫుట్‌పాత్ మీద కొనుక్కొచ్చేవాడు. బెల్లం వాసన పట్టిన సంచీలోంచి తీసి ఇచ్చేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు కొట్టు వెనక గోడౌన్లో, బియ్యం మూటల మీద పడుకొని వినేవాళ్ళం. మూటలు మంచివి, ప్రతిధ్వని రాదు. నేను ముందు బేసు గిటారు ఒక్కటే వినేవాణ్ణి, తర్వాత వెనక్కి తిప్పి డ్రమ్ములు, ఆ తర్వాత రెండు గిటార్లు విడివిడిగా. నాలుగూ తెలిశాక కలిపి వినేవాణ్ణి. అందరూ దీన్ని రొద అన్నారు. రొద అంటే క్రమం లేని శబ్దం. రోజంతా ఫ్యాక్టరీలో, కరెంటు తరంగాలను గీతలుగా చూపే ఆసిల్లోస్కోపు ముందు కూర్చునేవాణ్ణి నేను. ఆ తేడా నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

బెంగళూరు కాలేజీ ఉత్సవాల్లో అక్కడి కుర్రాళ్ళ బ్యాండ్లు వాయించేవి. టికెట్ లేకుండా వెళ్ళి వెనక నిలబడేవాళ్ళం. స్టేజీ ముందు ఒక గుంపు ఉండేది. పాట ఊపందుకోగానే అందరూ నడుము వంచి, తాళానికి తలలు విసిరేవాళ్ళు. పొడుగు జుట్టు గాలిలో లేచి, తిరిగి, పడేది. గిటారు ఎలాగూ కొనలేను, గొంతూ లేదు. ఈ పాటలో నేను చేరడానికి ఉన్న ఒకే పరికరం అది. జుట్టు పెంచడం మొదలుపెట్టాను. మా వాడికి ఆ వీలు లేదు. "కొట్లో కూచునేవానికి జుట్టుంటే పప్పులో వస్తాదని గిరాకీ పోతాదంట" అన్నాడు, నూనె రాసిన క్రాపు దువ్వుకుంటూ.

ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు మెషీన్ల దగ్గర ప్రమాదమన్నాడు. అది న్యాయమైన మాట. టోపీ కొనుక్కొని ఒక్క వెంట్రుక బయటికి రాకుండా దోపుకున్నాను. తర్వాత ఆయన మర్యాద గురించి కూడా మాట్లాడాడు. దానికి టోపీ లేదని చెప్పాను.

నాకు భయమున్నది ఇంటి గురించే. మా నాన్న కోపిష్ఠి. జుట్టు చెవులు దాటి, మెడ దాటి, భుజాల మీదికి వచ్చింది. సెలవుకు వెళ్ళిన ప్రతిసారీ గొడవకు సిద్ధపడి వెళ్ళేవాణ్ణి, వాదనలు వరుసగా పేర్చుకొని. ఒక్కటీ వాడే అవసరం రాలేదు. నాన్న చూసి ఊరుకునేవాడు. అమ్మ తలకు నూనె పెట్టేది. అవ్వయితే మేకల్ని కట్టేసి వచ్చి, నా వెనక కూర్చొని జడ చిక్కు తీసేది. "బాగా వస్తా ఉండాది నాయనా" అని మురిసిపోయేది. మావాళ్ళు మారారనుకున్నాను. కొంత గర్వపడ్డాను కూడా.

ఆ ఏడు బెంగళూరుకు విదేశీ బ్యాండు ఒకటి వస్తోందని తెలిసింది. గోడౌన్లో మేం అరగదీసిన కేసెట్ వాళ్ళదే. మా వాడు టికెట్లు తెచ్చేశాడు. వచ్చే శనివారం కచేరీ అనగా నాన్న దగ్గరి నుంచి కబురు వచ్చింది: ఈ ఆదివారం అంచెట్టి దారిలో మా ఇంటి దేవుడి కొండకు టెంపో మాట్లాడాం, తప్పక రావాలి.

విషయం నాకు టెంపోలో తెలిసింది. నేను ఇంటర్వ్యూకు వెళ్ళిన రోజు అవ్వ మొక్కుకుంది: మనవడికి పని దొరికితే వాడి తలనీలాలు ఇస్తానని. పని దొరికింది. నేను జుట్టు పెంచాను. మొక్కు సంగతి నాకు అమ్మ చెప్పిందని అవ్వ అనుకుంది, అవ్వ చెప్పిందని అమ్మ అనుకుంది, చెప్పకపోతే ఎందుకు పెంచుతాడని నాన్న అనుకున్నాడు. ఏడాది పొడుగునా ఇంట్లో అంత శాంతిగా ఉన్నది అందుకు.

కొండ మీద గుడి పక్కన రేకుల పందిరి. గుండు కొట్టే ఆయన కత్తి నూరుకొని సిద్ధంగా ఉన్నాడు. మావాళ్ళలో మొదటి కత్తిరింపు మేనమామది. మామ కొత్త పంచె కట్టుకొని కత్తెర పట్టుకున్నాడు.

"కూచోప్పా. తల వంచు."

"నేను కూచోను మామా."

"ఏంరా, కత్తికి భయమా? ఇంత మగోడివి."

"భయం కాదు. ఈ జుట్టు దేవునికి పెంచింది కాదు."

"మరి ఎవురికి?"

"పాటకు."

పందిరంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు. "పాటకు గొంతు కావల్ల గాని జుట్టేలరా?"

"ఆ కేసెట్లో ఎవురో మేకను కోస్తా ఉన్నట్టు అరుస్తారే, ఆ పాటేనా?" అంది అత్త.

"అదే. వచ్చే శనివారం వాళ్ళు బెంగళూరుకు వస్తా ఉండారు. నేను ఈ జుట్టుతోనే పోతాను."

నవ్వులు ఆగాయి. నాన్న ముందుకు వచ్చాడు. "దేవుని ముందర నిలబడి మాట్లాడే మాటలా ఇవి? మొక్కు మొక్కినాక ఇయ్యకుంటే ఏమైతాదో తెలుసునా నీకు?"

"మొక్కింది నేను కాదు నాయనా. నన్ను అడిగినోళ్ళూ లేరు. మొక్కినోళ్ళు ఇయ్యల్ల."

అది తర్కం. ఇప్పటికీ దానిలో నాకు లోపం కనిపించదు. కానీ ఆ మాట ఎక్కడికి వెళ్తుందో నేను చూసుకోలేదు. పందిరి మూల కొబ్బరికాయలు పెట్టుకొని కూర్చున్న అవ్వ లేచింది. నడుస్తూనే కొప్పు విప్పింది. నెరిసిన జుట్టు, పలచనిదే, నడుము దాకా ఉంది. వచ్చి నాకు వేసిన పీట మీద కూర్చుంది.

"వాడు చెప్పేది సరే. మొక్కింది నేను. కానీప్పా" అంది గుండు కొట్టే ఆయనతో.

"అవ్వా, వద్దు. లెయ్" అన్నాను.

"ఏం వద్దు? నీ తల నీది, నా మాట నాది. నువ్వు నీ తల ఇడవవు, నేను నా మాట ఇడవను. జరుగు, నీడ పడతా ఉండాది ఆయనకు."

అందరూ నన్నే చూశారు. నేను కూర్చొని ఉంటే అవ్వ జుట్టు మిగిలేది. అందరూ అదే ఆశించారు, నాన్న పీట వైపు చెయ్యి కూడా చూపించాడు. నేను కూర్చోలేదు. అప్పుడు కూర్చుంటే ఏడాది పాటు నా తల మీద ఉన్నది వాళ్ళు అనుకున్నదే అయ్యేది. నేను విన్నదీ, నేర్చుకున్నదీ ఒక కుర్రతనం కింద కొట్టుకుపోయేది. అవ్వ తన మాటను ఎంత గట్టిగా పట్టుకుందో నేను నాదాన్ని అంత గట్టిగా పట్టుకున్నాను. పందిట్లో ఆ సంగతి అర్థమైంది ఆమె ఒక్కదానికే అనుకుంటాను. కత్తి ఆడుతున్నంతసేపూ పక్కనే నిలబడి, రాలిన జుట్టు గాలికి పోకుండా పళ్ళెంలోకి ఎత్తాను. మామ కత్తెర ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. తిరుగు ప్రయాణంలో టెంపోలో నాతో మాట్లాడింది అవ్వ ఒక్కతే. నెత్తి మీద చల్లగా ఉందని నా తువ్వాలు అడిగింది, పాటకు జుట్టుతో ఏం చేస్తారని అడిగితే తిప్పుతామని చెప్పాను.

శనివారం వెళ్ళాం. గేటు దగ్గర పోలీసులు బెల్టులు, చిల్లర నాణేలు, నీళ్ళ సీసాలు, మా వాడి జేబులోని కొట్టు తాళాలు కూడా లాక్కున్నారు. ముందు రోజు వానకు మైదానమంతా బురద. చుట్టూ నల్ల చొక్కాలు. ఎవరూ ఎవర్నీ సామీ అనడం లేదు. చీకటి పడకముందే మేం స్టేజీ ముందు కడ్డీల దాకా తోసుకుపోయాం. మొదట ఆంప్లిఫయర్ల హమ్ వచ్చింది, పాట లేకుండా, ఒట్టి కరెంటు శబ్దం. ఆ హమ్‌కే జనం కేకలు పెట్టారు. తర్వాత డ్రమ్ము పడింది. అది చెవిలోకి రాలేదు, పక్కటెముకల్లో పడింది.

మూడో పాట మా గోడౌన్ పాట. మొదలవగానే ఏదో తేడా కొట్టింది. మాకు తెలిసినదానికంటే అది వేగంగా ఉంది, శ్రుతి కూడా పైన ఉంది. మా టేప్‌రికార్డరు మోటారు నెమ్మదిగా తిరుగుతోందని, ఇన్నేళ్ళూ ఆ పాటను మేం నిదానంగా విన్నామని అక్కడ తెలిసింది. మా వాడు నా చెవిలో అరిచాడు: "వీళ్ళకేమి బస్సుకు టైమయిందా?" నేను నడుము వంచి తల విసిరాను. రెండు చరణాలు తాళం తప్పాను. మూడోదానికి అందుకున్నాను. నా జుట్టు వెళ్ళి వెనకవాడి మొహానికి తగిలింది, పక్కవాడిది నా నోట్లోకి వచ్చింది. మా వాడు నూనె క్రాపుతోనే, లేని జుట్టుతోనే, నాకంటే గట్టిగా తల విసిరాడు. వారం రోజులు మెడ తిరగలేదు ఇద్దరికీ.

తర్వాత నెలకు ఊరికి వెళ్ళాను. నాన్న నాతో మాట్లాడటం మొదలుపెట్టడానికి చాలా కాలం పట్టింది. అవ్వ మేకల వెనక ఉంది, నెత్తి మీద పొట్టి పొట్టి తెల్లటి మొలకలు. "తిప్పినావా?" అని అడిగింది. తిప్పానన్నాను. "మెడకు నూనె రుద్దల్ల" అంది.

ఆ జుట్టు ఇంకో నాలుగేళ్ళు ఉంచాను. మా వాడు, నేను బెంగళూరులో దొరికిన ప్రతి కచేరీకీ వెళ్ళాం. ఇప్పుడు నా నడినెత్తి పలచబడుతోంది. దేవుడు తనది తాను తీసుకుంటున్నాడని మామ ప్రతి పెళ్ళిలోనూ పదిమందిలో అంటాడు. నేనూ ప్రతి పెళ్ళిలోనూ పదిమందిలో ఆయన నెత్తి వైపు చూపిస్తాను. నా వయసుకే ఆయనకు పూర్తి బట్టతల వచ్చేసింది. ఆయన జీవితంలో ఒక్క మొక్కూ తప్పలేదు.